ద్వీపాగ్నిపర్వతముల ఉద్రేకము: ఒక సమీక్ష

ఇటలీకి దక్షిణమున, సిసిలీ తీరమునకు ఉత్తరముగా, సముద్రమధ్యమున నిలిచియున్న స్ట్రాంబోలి యను చిన్న దీవిలో పది యిరువది నిమిషముల కొకమారు కొండకొమ్మునుండి నిప్పుకణికలు ఎగసిపడుటయు, రాత్రివేళ ఆ వెలుగును గుర్తుపట్టి నావికులు దారి తెలిసికొనుటయు శతాబ్దముల తరబడి జరుగుచున్న వ్యవహారమే గనుక, అచ్చటివారు దానిని ప్రమాదముగా నెంచరు. వెస్టిండీసులోని మాంట్‌సెరాట్ దీవి సంగతి వేరు. అచ్చటి సూఫ్రియేర్ కొండలు మూడువందల యేండ్లకు పైగా పచ్చని యడవిని కప్పుకొని నిదురించినవి గావున, 1990 దశకారంభమున వాని క్రింద నేల అప్పుడప్పుడు వణకుటయే శాస్త్రజ్ఞుల కలవరమునకు చాలినది. దినమునకు వందమారులు పేలెడి మొదటి కొండ శాంతముగా నున్నదనియు, ఆ దశకారంభమున ఒక్కమారైనను పేలని రెండవది ఉద్రేకించినదనియు చెప్పుట వింతగా తోచును గాని, రెండు మాటలును నిజమే.

ద్వీపములందలి అగ్నిపర్వతములు ఉద్రేకించినవను వార్తలు ఈ మధ్య తరచుగా వినవచ్చుచున్నవి. అట్టి వార్త వచ్చినంతనే కొండ యెంత చెలరేగినదని అడుగుదుము. దేనికంటె చెలరేగినదని ముందుగా అడుగవలెనని నా మతము. గడచిన ఇంచుమించు నూటనలుబది యేండ్లలో ద్వీపములమీద జరిగిన మహావిపత్తులను, తప్పిన విపత్తులను, వచ్చునని భయపడగా రాకపోయిన విపత్తులను ఒకచోట జేర్చి చూచినచో, కొండ కోపించిన దినములలో దాని గుర్తులను చదువలేకపోవుటకంటె, అది నెమ్మదిగా నున్న సంవత్సరములలో దానిని కనిపెట్టి యుండకపోవుటయే ఎక్కువ కీడు చేసినదని తోచుచున్నది. ఆరోగ్యముగా నున్నప్పటి నాడిని ఎన్నడును పట్టిచూడని వైద్యుడు జ్వరము వచ్చిన నాడు తొలిసారిగా రోగి చేయి పట్టుకొన్నచో ఎంత తెలిసికొనగలడో, ఆపత్కాలమున పెట్టెలతో యంత్రములతో దీవిమీద దిగిన శాస్త్రజ్ఞుడును అంతయే తెలిసికొనగలడు.

భూగర్భమున కొన్ని మైళ్ల లోతున నిలువయున్న శిలాద్రవము, అనగా మాగ్మా, పైకి కదలినప్పుడు దారి చేసికొనుటకై రాతిని చీల్చును గనుక చిన్నచిన్న కంపములు వందలు వేలుగా పుట్టును. రాయి పగులుటచే కలుగు కంపము తటాలున మొదలై తటాలున అణగును. ద్రవమో వాయువో పగుళ్లలో ఒరసికొని పోవుటచే కలుగు కంపము మెల్లగా మొదలై దీర్ఘముగా ఊగును. కావున భూకంపలేఖిని గీసిన గీతలకు అలవాటుపడిన కన్ను లోపల ఏమి జరుగుచున్నదో కొంతవరకు చెప్పగలదు. చోటు చాలక నేల ఉబ్బును. ఆ యుబ్బు సెంటీమీటర్లలో నుండినను ఉపగ్రహముల సాయమున నేడు దొరకును. ద్రవము పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి, అందు కరగియున్న వాయువులు విడివడును. కార్బన్ డయాక్సైడ్ చాల లోతుననే విడివడును, సల్ఫర్ డయాక్సైడ్ పైపొరలకు వచ్చిన పిదప విడివడును గావున, రెండింటి పాళ్లను పోల్చి ద్రవము ఎంత దగ్గరపడినదో ఊహింతురు. అయితే కొండ కడుపులో నిలిచిన నీరు ఈ లెక్క నంతను చెరచును. గంధకవాయువును అది తనలో కలుపుకొని బయటికి రానీయదు. ఒక్కొక్కప్పుడు క్రొత్త శిలాద్రవ మేమియు పైకి రాకయే, క్రిందినుండి వచ్చిన వేడికి ఆ నీరే ఆవిరియై కొండ తలను పగులగొట్టును. ఇట్టి ఆవిరిపేలుడునకు ముందు గుర్తులు మిక్కిలి స్వల్పములు.

ఇవి యన్నియు భూఖండములమీది కొండలకును వర్తించును. ద్వీపమున చేరెడి చిక్కులు వేరుగా నున్నవి. కంపముల చోటును సరిగా నిర్ణయించుటకు యంత్రములు కొండ చుట్టును ఉండవలెను. దీవిలోనో, కొండలో అధికభాగము నీటిలో మునిగియుండును, యంత్రము పెట్టుటకు మిగిలిన నేల చారెడు. లోతు సముద్రపు టడుగునుండి లేచిన కొండకు నీటిపైని కనబడునది శిఖరము మాత్రమే. మరియు దీవులలో సమతలమైన నేల దొరకుట యరుదు. ఆ దొరకిన కొంచెమును సాధారణముగా పూర్వము కొండ తానే కక్కి పరచిన బూడిదమేట. పట్టణము, రేవు, విమానాశ్రయము, ఆసుపత్రి అన్నియు అచ్చటనే వెలయును. పారిపోవలసిన త్రోవ కొండపాదముననే యుండుట ద్వీపవాసికి పుట్టుకతో వచ్చిన సంకటము.

మార్టినిక్ దీవిలోని పెలే పర్వతకథ చాలమంది యెరిగినదే. 1902 ఏప్రిలు చివర బూడిద రాలసాగెను. మే 5న బురదవెల్లువ యొకటి దిగి చక్కెర మిల్లునొకదానిని కప్పివేసెను. మే 8 ఉదయము ఎనిమిది గంటలవేళ కొండనుండి జారిన మండుమేఘము, అనగా కాలుచున్న బూడిదయు వాయువులును కలిసిన వెల్లువ, కొన్ని నిమిషములలో సెయింట్ పియెర్ పట్టణమును మాడ్చి, సుమారు 28,000 మందిని బలిగొనెను. చెరసాల గదిలో నుండుటచే బ్రదికిన సిపారిస్ యను ఖైదీ కథ సర్కసులవారికి సైతము పనికివచ్చెను. ఎన్నికలు దగ్గరపడుటచే అధికారులు ప్రజలను కదలనీయలేదని ఈ విపత్తును రాజకీయ స్వార్థమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటియైనది. ఆ నింద కొంత నిజము కావచ్చును. కాని అంతటితో తృప్తిపడుట తగదు. గవర్నరు మూటే తానును ఆ పట్టణముననే చనిపోయెను. పట్టణమునకు ముప్పు లేదని మే 7న తేల్చిన సంఘమునందు సభ్యుడైన లాండ్ అను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడును మరునాడు మరణించెను. తమ ప్రాణములనే పందెమొడ్డి యబద్ధమాడు వారుండరు గదా! వారి యెరుకలో ఆ కొండ 1792లోను 1851లోను రెండుమార్లు ఆవిరి చిమ్మి, వీధులలో పలుచగా బూడిద చల్లి ఊరకున్నది. తాత లెరిగిన కొండ యట్టిది. 1902 వసంతమున కనబడిన గుర్తులు మొదట నా పాత యలవాటునకే సరిపోయినవి. మండుమేఘము యొక్క స్వభావమును లక్రువా అను ఫ్రెంచి పండితుడు విపులముగా వర్ణించుట ఆ విపత్తు జరిగిన తరువాతి మాట. ఒకటి రెండు తరముల జ్ఞాపకమును కొండ యొక్క సంపూర్ణ చరిత్రగా భావించుట వారి దోషము. అది నేటికిని పోలేదు.

పెలే పేలుటకు ఒకదినము ముందు, మే 7న, దక్షిణమున నున్న సెయింట్ విన్సెంట్ దీవిలోని లా సూఫ్రియేర్ పర్వతము సుమారు 1,600 మందిని చంపెను. ఈ కొండ ప్రసంగము మరల వచ్చును.

డెబ్బదినాలుగేండ్ల పిదప గ్వాడెలూప్ దీవిలో జరిగినది పెలే కథకు సరిగా తలక్రిందు. ఆ దీవిలోని కొండ పేరును లా సూఫ్రియేరే. గంధకము కంపుకొట్టు ప్రతి కొండకును ఫ్రెంచివారు ఆ పేరే పెట్టుటచే చదువరులకు తికమక కలుగక మానదు. 1975నుండి అచ్చట కంపములు పెరిగి, 1976 జులై 8న మొదటి యావిరిపేలుడు కలిగెను. పెలే జ్ఞాపకము ఫ్రెంచి పాలకుల గుండెలలో ముల్లువలె నాటుకొనియున్నది. రాలిన బూడిదలో క్రొత్త గాజుకణములు కనబడుచున్నవి, అనగా క్రొత్త శిలాద్రవము పైకి వచ్చుచున్నదని బ్రూస్ అను ఆచార్యుడు ప్రకటింపగా, ఆగస్టు 15న అధికారులు బాస్‌తేర్ పట్టణముతో కూడ కొండపాదమునందలి సుమారు 73,000 మందిని ఖాళీచేయించిరి. సుప్రసిద్ధ అగ్నిపర్వతశాస్త్రజ్ఞుడు హారూన్ తాజియెఫ్ ఇందుకు సమ్మతింపలేదు. క్రొత్త ద్రవము జాడ లేదనియు, ఇది యంతయు నీటి చేష్టయే యనియు ఆతడు వాదించెను. ఆ వాదమును తనిఖీ చేయుటకై ఆగస్టు 30న సహచరులతో శిఖరమెక్కి, సరిగా నా సమయముననే కొండ పేలగా, కొన్ని నిమిషములు రాళ్లవానలో చిక్కి గాయములతో బయటపడెను. పారిస్ భూభౌతికసంస్థకు అధిపతియైన క్లోద్ అలెగ్ర్ ప్రమాదమును విస్మరింపరాదను పక్షము వహించెను. ఆ సంస్థలో తాజియెఫ్ వహించిన పదవి పోయెను. పత్రికలకు నెలలతరబడి విందు. నవంబరులో అంతర్జాతీయ పండితసంఘమొకటి కూడి సాక్ష్యమును పరిశీలించి, గాజుకణముల మాట నిలువదని తేల్చెను. ప్రజలు ఇండ్లకు మరలిరి. 1977 మార్చి వరకు ఆవిరిపేలుళ్లు ఇరువదికి పైగా కలిగెను. ఆ మహావిస్ఫోటనము మాత్రము రాలేదు.

కావున తాజియెఫ్ గెలిచెననియు, ఖాళీ చేయించుట వృథాయనియు ఏండ్లతరబడి అనుకొనిరి. ఆ తరువాతి పరిశోధనలలో పలువురు తేల్చినది యింత సులువుగా లేదు: లోతున శిలాద్రవము కొంత నిజముగానే పైకి కదలి, నడుమ నిలిచిపోయినదనియు, ఆవిరిపేలుళ్లకు వేడినిచ్చినది అదియే యనియు వారి యభిప్రాయము. అనగా ఒకరు పేలదనిరి, పేలలేదు. మరియొకరు ద్రవము కదలినదనిరి, కదలినది. ఇద్దరును పరస్పరము దూషించుకొనుచుండగా ఇల్లువిడిచిన 73,000 మందికి మాత్రము దినమెట్లు గడపవలెనో తెలియలేదు. కంపముల లెక్క పదివేలు దాటినది. కాని ఆ కొండకు శాంతకాలమున వాయువు లెన్ని, నీటి వేడి యెంత, పాతబూడిద కణముల రూపమెట్టిది అను పట్టిక చాలినంత లేకపోవుటచేతనే గాజుకణముల వంటి యొక్క చిన్న విషయముమీద సమస్త నిర్ణయమును వ్రేలాడెను. విద్వాంసుల యహంకారమును తప్పుపట్టుట సులభము. ఆధారము తక్కువైనచోట అహంకారము చెలరేగుట లోకసహజము.

మాంట్‌సెరాట్ కథలో ఆధారమున్నది, వినువారు లేరు. 1897, 1933, 1966 ప్రాంతములందు, అనగా సుమారు ముప్పదియైదేండ్ల కొకమారు, అచ్చట కంపపరంపరలు కలిగి విస్ఫోటనము లేకయే అణగెను. కంపములు వచ్చును, పోవును, కొండ పేలదు అని ప్రజలకు ధైర్యము కుదిరెను. 1980 దశకమున వేజ్, ఐజక్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పాతమేటలను పరీక్షించి, రాజధాని ప్లిమత్ పట్టణము ప్రమాదస్థానమున నున్నదని నివేదిక నిచ్చిరి. అది బీరువాలో దాగెను. 1989లో హ్యూగో తుపాను దీవిని చితుకగొట్టగా, ఆసుపత్రి మొదలగువానిని మరల ప్లిమత్‌లోనే నిర్మించిరి! 1995 జులై 18న కొండ తెరచుకొనెను. 1996 ఏప్రిలులో ప్లిమత్ కడసారిగా ఖాళీ యయ్యెను. 1997 జూన్ 25న నిషిద్ధప్రాంతమున నున్న వారిలో 19 మంది మండుమేఘములకు చిక్కి మరణించిరి. వారిలో పలువురు పంట చూచుకొనుటకు పోయినవారు. దానిని అజ్ఞానమని కొట్టివేయుట కఠినత్వము. దీవి దక్షిణభాగమంతయు మూతపడిన పిమ్మట, శిబిరములలో పడియున్న జనమునకు కూరగాయలు పండు నేల అచ్చటనే యున్నది. వరుసగా రెండేండ్లు భయపెట్టి యేమియు చేయని కొండ మూడవయేట యేమి చేయగలదని నమ్ముట మనుష్యస్వభావము. సుమారు 11,000 మంది యున్న దీవిలో చివరకు నాలుగువేల పైచిలుకు మాత్రమే మిగిలిరి. ప్లిమత్ బూడిదక్రింద పూడిపోయెను.

ఈ విపత్తుననే శాస్త్రమునకు గొప్ప విజయమును లభించినది. 1997లో బిలపుటంచున నుంచిన వంపుమాపకములు నేల కొన్ని గంటలకొకమారు ఉబ్బి దిగుచున్నదని చూపెను. ఉబ్బు పరాకాష్ఠ నందినపుడు కంపములు గుంపులుగా పుట్టి, దిగుటతోడనే మండుమేఘమో పేలుడో వెలువడుచుండెను. ఆ లయను పట్టుకొని, రాబోవు గంటలలో లోపలికి పోవచ్చునా కూడదా అని చెప్పగలిగిరి. అది యెట్లు సాధ్యమయ్యెను? కొండ ఆ పాటికి రెండేండ్లుగా యంత్రముల యెదుట నుండుటచేత, దాని నడక వారికి కంఠస్థమగుటచేత.

సెయింట్ విన్సెంట్ దీవిలో ఇదే పాఠము మరియొక విధముగా గోచరించును. 1902లో 1,600 మందిని చంపిన ఆ కొండయే 1979 ఏప్రిలులో పేలినపుడు సుమారు 20,000 మంది సకాలమున తరలిరి, ఒక్క ప్రాణమును పోలేదు. 2020 డిసెంబరు 27న బిలమునందు క్రొత్త లావాదిబ్బ లేచుచున్నట్లు ఉపగ్రహము పట్టిన వేడిచుక్కవలన తెలిసెను. వెస్టిండీస్ విశ్వవిద్యాలయపు భూకంపపరిశోధనకేంద్రమువారు రిచర్డ్ రాబర్ట్‌సన్ నాయకత్వమున వెంటనే చేరి, యంత్రములను పెంచి, రేడియోలో ప్రజలతో దినదినమును మాట్లాడుచు మూడు నెలలు గడపిరి. దిబ్బ నెమ్మదిగా పెరిగినన్నాళ్లు ఎవరిని కదలింపలేదు. 2021 మార్చి చివర, ఏప్రిలు మొదట కంపముల తీరు మారెను. ఏప్రిలు 8న తరలింపునకు ఉత్తరువు. 9 ఉదయము పేలుడు. కోవిడు కాలమున ఇంచుమించు ఇరువదివేల మందిని పాఠశాలలలోను బంధువుల యిండ్లలోను సర్దవలసివచ్చినను పేలుడువలన నేరుగా ప్రాణనష్టము కలుగలేదు. నేను చదివిన ఉదంతములలో ఇంతకు మించి నేర్పుగా నడిచినది లేదు. 1902, 1979 అనుభవములతో పాటు, 1971లో నిశ్శబ్దముగా బిలములోని సరస్సున లావాదిబ్బ లేచి మరుసటియేట నిలిచిపోయిన సంగతియు వారి పుస్తకములందుండెను. ఈ కొండ మెల్లగాను ఉబ్బగలదు, హఠాత్తుగాను పేలగలదు అని వారికి తెలియును.

న్యూజిలాండు తీరమునకు దూరముగా నున్న వకారి దీవి ఇందుకు ప్రతికూలసాక్ష్యము. అచ్చట పరిశీలనకు లోపము లేదు. 2019 నవంబరు 18న ప్రమాదసూచిని ఒకటినుండి రెండునకు పెంచిరి; పేలుడు జరుగుటకు ముందు స్థితిలో అదియే గరిష్ఠము. అయినను యాత్రికులు పోవుచునే యుండిరి. డిసెంబరు 9 మధ్యాహ్నము 2 గంటల 11 నిమిషములకు కొండ పేలినపుడు దీవిమీద 47 మంది యుండిరి. 22 మంది మరణించిరి. అది ఆవిరిపేలుడు జాతికి చెందినది గనుక, అన్నియు కొలిచినను ఘడియ చెప్పుట సాధ్యము కాదు. సూచిక యొక్క అంకెను పెంచుట శాస్త్రజ్ఞుని పని. ఆ యంకెకు పడవ ఆగవలెనా సాగవలెనా యనుట వేరొకరి పని. ఆ వేరొకరెవ్వరో ముందుగా నిర్ణయమై యుండకపోవుట ఇందలి మహాదోషము. న్యాయస్థానములలో ఆ ప్రశ్న తరువాత చాలకాలము నలిగెను. వినోదయాత్రయు క్రొత్తది కాదు: 1883 మే 20న క్రకటోవా మేల్కొనగా, వారము తిరుగకుండ బటావియానుండి లౌడన్ అను పొగయోడ నిండ వేడుకచూచువారు ఆ దీవికి పోయి బిలమును చూచివచ్చిరి. ఆగస్టు 27న ఆ దీవిలో అధికభాగము సముద్రమున గలిసెను. దాని పేలుడు సుమారు 4,800 కిలోమీటర్ల దూరమునందలి రోడ్రిగెజ్ దీవిలో వినబడెను. 36,000 మందికి పైగా మరణించిరి, అందు హెచ్చుమంది కొండకు దూరముగా, జావా సుమాత్రా తీరములలో, అలలకు.

ఈ యలల మాటను తేలికగా దాటిపోరాదు. 1920 దశకము చివర అదే చోట నీటినుండి లేచిన అనాక్ క్రకటోవా, 2018 జూన్‌నుండి ఉద్రేకించి నెలలతరబడి బూడిద చిమ్మెను. ప్రమాదసూచి నాలుగింట రెండవమెట్టున నుండెను. బిలమునకు రెండు కిలోమీటర్ల లోపలికి పోరాదని నిషేధము. కొండమీద నిలుచువానికి ఆ రెండు కిలోమీటర్లు చాలును. డిసెంబరు 22 రాత్రి కొండ యొక్క నైరుతిపార్శ్వము ఊడి సముద్రమున పడెను. పెద్ద భూకంప మేదియు లేదు గనుక భూకంపముల ననుసరించి మ్రోగు సునామీ హెచ్చరికయు లేదు. నలుబది యేబది కిలోమీటర్ల ఆవల వేడుకలలో నున్న తీరవాసులు నాలుగువందల మందికి పైగా కొట్టుకొనిపోయిరి. 338 మీటర్ల యెత్తుండిన కొండ 110 మీటర్లకు క్రుంగెను. విచిత్రమేమనగా, ఆ పార్శ్వము కూలినచో అల లెంతసేపటికి ఎచ్చటికి చేరునో 2012లోనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టి ప్రకటించియుండిరి. ఆనాటి రాత్రి పేలుళ్లు అంతకుముందటి నెలలకంటె మిక్కిలి తీవ్రములని చెప్పుటకును వీలులేదు. ఉద్రేకమును కొలుచు మెట్లు నిప్పునకు ఏర్పరచినవి. కొండగోడ జారుట ఆ మెట్లలో నెక్కడను లేదు. స్ట్రాంబోలిలో 2002 డిసెంబరు 30న పార్శ్వము జారి అలలు లేచుట ఈ విషయమున ముందుగానే వచ్చిన హెచ్చరిక.

వాయువు మాటయు అట్టిదే. జపానులోని మియాకె దీవి 2000లో పేలి శిఖరము క్రుంగిన తరువాత, దినమునకు వేలకొలది టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుచుండుటచే సెప్టెంబరులో సుమారు 3,800 మంది దీవివాసులందరు తరలిపోయి, 2005 ఫిబ్రవరిలో గాని తిరిగి రాలేకపోయిరి. వచ్చినవారు వాయుముసుగును వెంటనుంచుకొనవలసివచ్చెను. ఇటలీలోని వుల్కానో దీవిలో 2021 నవంబరున నేలనుండి కార్బన్ డయాక్సైడ్ పెరుగగా, నిదురించువారికి అపాయమని రేవుప్రాంతమున రాత్రివేళ నిలుచుట నిషేధించిరి. ఆ కొండ పేలలేదు. అయినను ఆ రాత్రులు నిషేధించుట సరియైన పనియే.

కంపముల గుంపును జూచి ఫలితము చెప్పుట యెంత కష్టమో రెండు దీవులను ప్రక్కప్రక్కన నిలిపిన తెలియును. కనారీ దీవులలోని లా పాల్మాలో 2017నుండి అప్పుడప్పుడు కంపములు గుంపులుగా కలుగుచుండి, 2021 సెప్టెంబరు 11న మరల మొదలై, ఎనిమిది దినములలోనే నేల చీలి, 85 దినములు లావా పారి, వేలాది కట్టడములను, తోటలను కప్పెను. గ్రీసులోని శాంటోరిని దీవి 2011నుండి ఏడాదికి పైగా ఉబ్బి ఊరకుండెను. 2025 జనవరి, ఫిబ్రవరులలో దానికి ఈశాన్యమున, అమోర్గోస్ దిక్కున, సముద్రపు టడుగున వేలకొలది కంపములు కలిగి, వానిలో కొన్ని 5 పరిమాణమును మించుటచే, పదివేల మందికి పైగా ఓడలలో విమానములలో తరలిరి. లోతున శిలాద్రవము అడ్డముగా చొచ్చుకొనిపోయి నిలిచినదని తరువాత తేలెను, విస్ఫోటనము లేదు. సమీపమునందే నీటిలో మునిగియున్న కొలుంబో యను అగ్నిపర్వతము 1650లో విషవాయువులతోను అలలతోను జనమును చంపిన చరిత్ర యుండుటచే భయమునకు కారణము లేదనుటకు వీలులేదు. రెండుచోట్లను ఒకే గుర్తు, ఫలితములు వేరు. ఇట్టిచోట సంభావ్యత చెప్పుటకు మించి శాస్త్రజ్ఞుని యడుగుట అన్యాయము.

తరలినవారు తిరిగివత్తురా యను ప్రశ్నను పండితులు ఎక్కువగా పట్టించుకొనలేదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రమునందలి ట్రిస్టన్ డ కూన్యా దీవిలో 1961 అక్టోబరున ఊరిప్రక్కనే నేల చీలగా, సుమారు 260 మంది దీవివాసులందరిని ఇంగ్లండునకు చేర్చిరి. విద్యుద్దీపములు, సినిమాలు, వేతనములు గల ఆ దేశమున వారు రెండేండ్లుండి, ఓటువేసి, 148 మంది పోదుమనియు 5 గురు వలదనియు తేల్చి, 1963లో కొండక్రిందికే మరలిపోయిరి. మాంట్‌సెరాట్ వారిలో పెద్దభాగము తిరిగిరాలేదు. ఊరే లేకుండెను గదా.

ఇక మన దేశమునకు సంబంధించిన ప్రశ్న. అండమాన్ సముద్రమున పోర్టు బ్లెయరుకు ఈశాన్యముగా సుమారు 135 కిలోమీటర్ల దూరమున నున్న బారెన్ దీవి భారతదేశమునందలి ఒకేయొక జాగృత అగ్నిపర్వతము. అడ్డముగా మూడు కిలోమీటర్లు, ఎత్తు నీటిపైని 350 మీటర్లు మాత్రమే. కాని అడుగు సముద్రతలమునకు రెండు వేల మీటర్లకు మించిన లోతున నున్నది. పాతకొండ క్రుంగగా మిగిలిన వలయాకారపు గోడ, పడమటివైపున తెగిన ద్వారము, నడుమ బూడిదశంఖువు, ఆ ద్వారముగుండ సముద్రము వరకు పరచుకొన్న నల్లని లావా: దీని రూపమిది. మనుష్యులు లేరు, ఎన్నడో విడిచిన మేకల సంతతి మాత్రము తిరుగుచున్నది. 1787నుండి 1832 వరకు మండి, నూటయేబది యేండ్లకు పైగా ఊరకుండి, 1991 మార్చిలో మేల్కొని, 1994–95లో మరల మండి, 2005 మేనుండి తరచుగా మండుచున్నది. 2017 జనవరిలో గోవా సముద్రశాస్త్రసంస్థవారు వేరొక పనిమీద పోవుచు దీవి బూడిద చిమ్ముట చూచిరి. 2025 సెప్టెంబరున రెండుమార్లు చిన్న పేలుళ్లు కలిగినవను వార్తలు వచ్చినవి.

ఈ కొండ తీరమున, దిగుడురేవు దగ్గర, ఒక వేడినీటి యూట యుండెను. 19వ శతాబ్దిలో దీవిని దర్శించినవారిలో పలువురు ఉష్ణమాపకమును దానిలో ముంచి అంకెను వ్రాసిపెట్టిరి. ఆ యంకెలను ఒకచోట కూర్చి, నీరు క్రమముగా చల్లబడుచున్నదని భూవిజ్ఞానశాఖకు చెందిన మాలెట్ చూపెను. గాజుగొట్టమొకటి, ఓర్పు మరియొకటి తప్ప వేరు సాధనము లేని ఆ పనిని నేను మిక్కిలి గౌరవింతును. బారెన్ దీవి యొక్క శాంతస్థితిని గూర్చి మనకు దక్కిన కొలతలలో అది యొకటి. నేడు ఉపగ్రహములు దాని వేడిని పసికట్టుచున్నవి, ఓడలు దూరమునుండి పొగను చూచుచున్నవి. ఇవి మండినపుడు చెప్పగలవు. మండక మునుపటి మాట వీనికి అందదు. మనుష్యులు లేని దీవికి ఇంత యేల యందురేని, క్రకటోవాలో చచ్చినవారును ఆ దీవిమీది వారు కారు. అండమానులో మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి పోయి స్థిరపడి చేపలవేటతో బ్రదుకుచున్న తెలుగువారు వేలసంఖ్యలో నున్నారు; వారి పడవలు ఆ సముద్రముననే తిరుగును.

2004 డిసెంబరు 26న సుమాత్రాలో మొదలై అండమానుల వరకు సముద్రతలము చీలినది; అయిదునెలల పిమ్మట బారెన్ దీవి మండినది. ఆ మహాభూకంపమే దీనిని లేపినదా, లేక 1991నుండి నడచుచున్న దాని సహజక్రమమే యిదియా అను చర్చ పండితులలో నున్నది. తీర్పు చెప్పవలెనన్న 2004 నవంబరులో ఆ కొండక్రింద దినమున కెన్ని చిన్నకంపములు పుట్టుచుండెనో, నేల ఉబ్బుచుండెనో దిగుచుండెనో, ఊట ఎంత వేడిగా నుండెనో తెలియవలెను. దీవిమీద ఏండ్లతరబడి ఎడతెగక వ్రాసిన కంపలేఖ ఆనాటికి లేదు గావున, చర్చ ఇరుపక్షముల వారికిని సమానమైన యవకాశముతో సాగుచున్నది.